పాత లాప్‌టాప్‌తో పెళ్లి పత్రిక

ప్రశ్న: ఇంట్లోనే పెళ్లి పత్రికలు, దుకాణాల కరపత్రాలు తయారుచేయాలనుకుంటున్నాను. నా దగ్గర ఉన్నది పాత లాప్‌టాప్. నెలనెలా చందా కట్టే సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత లేదు. దొంగ కాపీ వేయించుకోమని చెబుతున్నారు. ఉచితంగా దొరికేవాటితో ప్రెస్సుకు పంపదగ్గ పని చేయగలనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: తప్పకుండా చేయగలరమ్మా. దొంగ కాపీ జోలికి మాత్రం వెళ్లకండి. దానితోపాటు వైరస్ వస్తే చేసిన పనంతా పోతుంది. పత్రిక గీయడానికి ఇంక్‌స్కేప్, ఫోటోలు దిద్దడానికి గింప్, ప్రెస్సుకు పీడీఎఫ్ తయారుచేయడానికి స్క్రైబస్ చాలు. మూడూ ఉచితమే, వాటితో చేసిన పనిని అమ్ముకోవచ్చు కూడా. పదేళ్లకు పైగా నా ఇల్లు గడుస్తున్నది ఇంక్‌స్కేప్ మీదే.

మీరు ప్రాణం పెట్టవలసింది తెలుగు అక్షరం మీద. మన లిపికి పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి. ఇంగ్లీషుకు సరిపోయే వరుసల ఎడం మనకు చాలదు. నేను అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లతో మొదలుపెట్టి, పై వరుస ఒత్తు కింది వరుస గుడికి తగలకుండా సరిచేస్తాను. చోటు చాలలేదని అక్షరాన్ని అడ్డంగా సాగదీయడం, నొక్కడం నాకు అసలు నచ్చదు. మాటలు తగ్గించండి, లేదా సైజు తగ్గించండి. శీర్షికకు రామభద్ర, లోపలి విషయానికి మండలి ఫాంట్లు వాడి చూడండి. రెండూ యూనికోడ్‌వే (అంటే అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడిగా ఉండే అక్షర సంకేతాలు వాడేవి), గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒక పత్రికకు రెండు ఫాంట్లు మించవద్దు.

ఒకసారి గృహప్రవేశం పత్రిక ఫైలును అక్షరాలను గీతలుగా మార్చకుండానే పంపాను. ప్రెస్సు కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేదు. 'లక్ష్మి'లోని మకారపు ఒత్తు విడిపోయి పక్కన నిలబడింది. అచ్చయిన 300 కార్డులూ పక్కన పడేసి, నా డబ్బుతో మళ్లీ వేయించాను. లక్ష్మి అన్నది ఆ ఇంటి పెద్దావిడ పేరు. ఆమె ముఖం ఇప్పటికీ గుర్తుంది. అందుకే పంపే ముందు ఇంక్‌స్కేప్‌లో అక్షరాలన్నింటినీ పాత్‌గా, అంటే గీతలుగా, మార్చండి. మార్చాక దిద్దడం కుదరదు కాబట్టి అసలు ఫైలు వేరుగా దాచుకోండి.

ఇక రంగులు. తెర మీద మెరిసే ఆకుపచ్చ కాగితం మీద అలా రాదు, అక్కడ పనిచేసేవి నాలుగు సిరాలు. స్క్రైబస్‌లో చిన్న అక్షరాలకు నలుపు సిరా ఒక్కటే 100 శాతం ఉంచి, మిగతా మూడూ సున్నా చేయండి. నాలుగు సిరాలూ కలిపితే, అచ్చు వెంట్రుకవాసి జరిగినా అక్షరం మసకబారుతుంది. ఫోటో అచ్చయ్యే కొలతలో అంగుళానికి 300 చుక్కలు ఉండాలి. అంటే 5×7 అంగుళాల కార్డు నిండా ఫోటో వేస్తే 1500×2100 పిక్సెళ్లు కావాలి. వాట్సాప్‌లో ఫోటోగా వచ్చినది సాధారణంగా కుదించి ఉంటుంది. డాక్యుమెంటుగా పంపమని అడగండి. కోత కోసం అంచు రంగునో ఫోటోనో కార్డు దాటి చుట్టూ 3 మిల్లీమీటర్లు అదనంగా సాగనివ్వండి.

అచ్చుకు ఒప్పుకునే ముందు ఒక్క కాపీ తీయించి, పేర్లూ ముహూర్తమూ పెళ్లివారి చేతే చదివించండి.