పోకర్ నేర్చుకుంటున్నాను, నా భార్య పేకాట అంటోంది

ప్రశ్న: నా వయసు 31. న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర ఉంటాం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. గుంటూరులో ఇంజినీరింగ్ చదివే రోజుల నుంచి డోటా అనే వీడియో గేమ్ ఆడుతున్నాను, బాగానే ఆడతాను. రెండేళ్ల క్రితం పోకర్ మీద ఇష్టం పుట్టింది. ఇక్కడ ఆన్‌లైన్ పోకర్‌కి చట్టం ఒప్పుకుంటుంది. ఒక అమెరికన్ కుర్రాడు పరిచయమయ్యాడు. పోకర్‌లో గట్టివాడు, డోటాలో కొత్త. వారానికి ఒక గంట నేను అతనికి డోటా చెప్తాను, ఒక గంట అతను నాకు పోకర్ చెప్తాడు. మా మధ్య డబ్బు మాటే లేదు. నా భార్యది భీమవరం వైపు. తన చిన్నప్పుడు వాళ్ల నాన్నగారు పేకాటలో రెండెకరాలు పోగొట్టారు. నేను రాత్రి గది తలుపేసుకుని ఆడుతుంటే చూసి, "మా నాన్న కూడా సరదాకే మొదలుపెట్టారు" అని ఏడ్చింది. పది రోజులుగా సరిగా మాట్లాడటం లేదు. ఇది స్కిల్ గేమ్ అని లెక్కలతో చూపించినా వినదు. స్టార్‌క్రాఫ్ట్ అనే వీడియో గేమ్ ఆడిన గ్రోస్‌పెలియే పోకర్‌లోకి వచ్చి 2008లో 20 లక్షల డాలర్లు గెలిచాడని కూడా చెప్పాను. మార్చి నుంచి ఇంకాస్త ఎక్కువ డబ్బు పెట్టే పెద్ద టేబుల్స్ ఆడి 1,400 డాలర్లు పోయాయి. క్రెడిట్ కార్డు బిల్లుకి మినిమం కడుతూ సర్దుతున్నాను, తనకి చెప్పలేదు. తనకి ఎలా నచ్చజెప్పాలి? ఆటలో ఇంకా ఎలా మెరుగవ్వాలి?

జవాబు: తమ్ముడూ, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆట గురించి ఇష్టంగా, వివరంగా రాశారు. 1,400 డాలర్ల సంగతి మాత్రం చివర్లో రెండు ముక్కల్లో తేల్చేశారు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను. మీ ఇంట్లో నలుగుతున్న విషయం అదే. మీ భార్యకు ఆ సంగతి ఇంకా తెలియదు, కానీ ఏదో ఉందని పసిగట్టింది. పేకాట ఆడే తండ్రి ఉన్న ఇంట్లో పెరిగిన పిల్లలకు ఆ పసిగట్టడం చిన్నప్పుడే వచ్చేస్తుంది. తలుపు వేసిన తీరులో, ఫోన్ బోర్లా పెట్టిన తీరులో, అన్నం దగ్గర కూర్చుని ఎటో చూస్తున్న తీరులో వాళ్లకు కనిపించేస్తుంది.

ఇరవై ఏళ్లకు పైగా కుటుంబాల గొడవలు వింటున్నాను. పేకాట ఇళ్లు చాలా చూశాను. పొలం పోవడం ఒక్కరోజులో జరగదు. ముందు గాజులు తాకట్టుకు వెళ్తాయి, తర్వాత పిల్లల ఫీజు ఆలస్యమవుతుంది, తర్వాత తల్లి పుట్టింటికి వెళ్లి చేయి చాపుతుంది. ఆ మధ్యలో ప్రతిసారీ "ఇదే ఆఖరు" అనే మాట ఉంటుంది. మీ భార్య ఏడ్చింది పోకర్ చూసి కాదు, ఆ మాట మళ్లీ వినాల్సి వస్తుందేమోనని.

ఇక "స్కిల్ గేమ్" అన్న మీ వాదన. 1968లో సుప్రీంకోర్టు, అదీ మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే, రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని చెప్పింది. ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది పట్టుకోవాలో ఏది వదలాలో తెలియాలి అంది. నిజమే. ఆ మాటను మన క్లబ్బుల్లో ఎన్ని టేబుళ్ల దగ్గర చెప్పుకున్నారో! మీ మామగారు కూడా వినే ఉంటారు, నమ్మే ఉంటారు. ఆట నైపుణ్యానిదే అయినా రెండెకరాలు పోయాయి. అందుకే మీరు లెక్కలు చూపిస్తున్న కొద్దీ ఆమె భయం పెరుగుతోంది. దయచేసి ఆ లెక్కలు ఆమె ముందు పెట్టడం ఆపేయండి.

అలాగని మీ ఆటను తీసిపారేయడం లేదు. ఏమీ తెలియకుండా సలహా చెప్పకూడదని, మా అక్క కొడుకు దగ్గర రెండు ఆదివారాలు కూర్చుని నేర్చుకున్నాను. చింతపిక్కలతో ఆడాం. చేతిలో రెండు ముక్కలు, మధ్యలో అందరికీ కలిపి ఐదు ముక్కలు. చూడటానికి తేలికే, ఆడుతుంటే లోతు తెలిసింది. వాడు చెప్పిన ఒక లెక్క నాకు బాగా నచ్చింది. మధ్యలో 100 ఉంది, ఎదుటివాడు 50 కాశాడు. నేను 50 పెడితే మొత్తం 200 అవుతుంది. అంటే నాలుగింట ఒకసారైనా గెలిచే అవకాశం ఉంటేనే పెట్టాలి. చేతిలోవీ మధ్యలోవీ కలిపి నాకు నాలుగు ఇస్పేట్లున్నాయి, గెలవాలంటే ఐదోది రావాలి, ఇంకొక్క ముక్కే మిగిలింది. కనపడని ముక్కలు 46, అందులో ఇస్పేట్లు 9. ఐదింట ఒకసారి కూడా సరిగ్గా రాదు. కాబట్టి పడేయాలి. మనసేమో వస్తుంది, వస్తుంది అంటుంది. ఆ మనసును పక్కన పెట్టడమే సాధన అని అర్థమైంది. దాని మీద మీకు ఇష్టం ఎందుకు పుట్టిందో కూడా అర్థమైంది.

కానీ మీరు ఆమెకు చెప్పని లెక్కలు ఇంకో రెండున్నాయి. ఒకటి, సైటు ప్రతి పెద్ద పాట్ నుంచీ, అంటే మధ్యలో చేరిన డబ్బు నుంచీ, కొంత కమిషన్ తీసుకుంటుంది. కాబట్టి టేబుల్ మీద ఆరుగురూ సమానంగా ఆడితే చివరికి ఆరుగురూ ఓడతారు. పక్కవాళ్లకంటే కాస్త బాగా ఆడితే సరిపోదు, ఆ కమిషన్‌ని దాటేంత బాగా ఆడాలి. రెండోది, చేతిలో రెండు ఆసులు, ఎదుటివాడి దగ్గర రెండు రాజులు ఉన్నా, దాదాపు ఐదింట ఒకసారి మీరే ఓడతారు. నిజంగా బాగా ఆడేవాడు కూడా వేల చేతులు, అంటే వేల పంపకాలు, ఆడి నష్టంలో ఉండొచ్చు. అంటే 1,400 పోవడానికి కారణం మీ ఆటా, దురదృష్టమా అన్నది ఈ నాలుగు నెలలు చూసి మీరు తేల్చుకోలేరు. తేలని చోట మనిషి తనకు నచ్చిన కారణాన్నే నమ్ముతాడు.

గ్రోస్‌పెలియే గెలిచిన మాట నిజం. బహామాస్‌లో జరిగిన టోర్నమెంటులో మొదటి బహుమతి 20 లక్షల డాలర్లు. అప్పటికే ఆయన కొరియాలో స్టార్‌క్రాఫ్ట్ ప్రొఫెషనల్‌గా ఆడి వచ్చినవాడు, ఆట ఆయనకు ఉద్యోగం. అదే టోర్నమెంటులో వెయ్యిమందికి పైగా ఆడారు. మిగిలినవాళ్ల పేర్లు మీకూ నాకూ తెలియవు. ఇంటి అద్దె, ఉద్యోగం, భార్య కన్నీళ్లు ఉన్న మీరు ఆయనతో పోల్చుకోవద్దు.

ఆ అమెరికన్ కుర్రాడితో మీ ఇచ్చిపుచ్చుకోవడం మాత్రం నాకు చాలా నచ్చింది. మీ ఉత్తరంలో ఆరోగ్యంగా ఉన్న భాగం అదే. మన ఊళ్లలో ఒకరికి వచ్చిన విద్య ఇంకొకరికి చెప్పి, వాళ్లకు వచ్చింది మనం నేర్చుకోవడం ఎప్పటినుంచో ఉంది. పోకర్‌కు గురువు అవసరం కూడా ఎక్కువే. డోటాలో ఓడితే రీప్లే చూసి తప్పెక్కడో చాలావరకు పట్టుకోవచ్చు. పోకర్‌లో సరిగ్గా ఆడి ఓడతారు, తప్పుగా ఆడి గెలుస్తారు. ఒక్క చేతిలో డబ్బు వచ్చిందా పోయిందా అన్నది మీ ఆట గురించి పెద్దగా ఏమీ చెప్పదు. అందుకే అతనికి ఒక చేతిని వివరించేటప్పుడు చివరికి ఎవరు గెలిచారో చెప్పకండి. మీరు నిర్ణయం తీసుకున్న చోట ఆపి, ఎందుకలా ఆడారో చెప్పండి. అతను అభిప్రాయం చెప్పాకే ఫలితం చెప్పండి. మా అక్క కొడుకు ఇలాగే నేర్చుకున్నాడు. వారానికి మూడు చేతులు ఇలా చూస్తే చాలు, రాత్రి మూడింటిదాకా మూడు టేబుళ్లు తెరిచి ఆడటం కంటే ఎక్కువ వస్తుంది.

అతనికి మీరు డోటా చెప్పేటప్పుడు ఒక సంగతి గమనించండి. వరసగా నాలుగు గేములు ఓడి, రేటింగ్ తిరిగి తెచ్చుకోవాలని రాత్రి రెండింటికి "ఇంకొక్కటి" అంటూ మళ్లీ క్యూలో చేరితే మీరేమంటారు? ఆపి పడుకో అంటారు. ఆ స్థితిని డోటా వాళ్లూ పోకర్ వాళ్లూ ఒకే పేరుతో, టిల్ట్ అని పిలుస్తారు. మార్చి నుంచి పెద్ద టేబుళ్లకు వెళ్లింది ఆట పెరిగి వెళ్లారా, పోయింది రాబట్టుకోవడానికి వెళ్లారా? సమాధానం నాకు రాయక్కర్లేదు. మీకు మీరు నిజం చెప్పుకోండి. డోటాలో టిల్ట్ అయితే రేటింగ్ పోతుంది, ఇక్కడ జీతం పోతుంది.

ఆ కుర్రాడితో ఒక్క హద్దు ముందే పెట్టుకోండి. డబ్బు మాట ఇప్పుడు లేనట్టే ఎప్పటికీ ఉండకూడదు. "నేను నీకు డబ్బు పెడతాను, గెలిస్తే పంచుకుందాం" అంటే వద్దనండి. మీ అకౌంట్‌లో అతను ఆడటం, అతని అకౌంట్‌లో మీరు ఆడటం, ఆట నడుస్తుండగా పక్కనుంచి చెప్పడం సైట్ల నిబంధనలు ఒప్పుకోవు. అలాంటి మాట వచ్చిన రోజే స్నేహం రంగు మారుతుంది.

ఇప్పుడు ఇల్లు. ఈ వారంలోనే ఆమెకు చెప్పండి. అర్ధరాత్రి కాదు, గొడవ మధ్యలో కాదు. సెలవు రోజు పొద్దున, ఇద్దరూ కాఫీ తాగాక. కార్డు స్టేట్‌మెంటు, సైటులో డబ్బు వేసిన లెక్క రెండూ ప్రింట్ తీసి టేబుల్ మీద పెట్టండి. "మార్చి నుంచి 1,400 డాలర్లు పోగొట్టాను. నీ దగ్గర దాచాను. దాచడం తప్పు" అనండి. అక్కడ ఆగండి. "కానీ" అనకండి. ఆ ఒక్క మాట వస్తే ముందు చెప్పిందంతా పోతుంది. ఆమె కోప్పడుతుంది, వాళ్ల నాన్నగారి సంగతులు ఎత్తుతుంది. ఎత్తనివ్వండి. ఆ రెండెకరాలు పోయిన ఏడాది ఇంట్లో ఎలా ఉండేదో అడగండి. పెళ్లయిన ఇన్నేళ్లలో ఎప్పుడైనా అడిగారా?

కార్డు బాకీ పూర్తిగా తీరేదాకా డబ్బు పెట్టి ఆడటం ఆపేయండి. క్లాసులు ఆపక్కర్లేదు. పాత చేతులు చూసుకోవచ్చు, లెక్కలు చేసుకోవచ్చు, మాలాగే చింతపిక్కలతో ఆడొచ్చు. బాకీ తీరాక మళ్లీ ఆడాలా, నెలకు ఎంతతో ఆడాలా అన్నది ఆమె చెప్పాలి. ఒకటి, రెండు సెంట్ల టేబుల్ దగ్గర రెండు డాలర్లతో కూర్చోవచ్చు. నేర్చుకోవడమే మీ కోరికైతే అది చాలు. అది మీకు చిన్నతనంగా అనిపిస్తే, మీకు కావలసింది నేర్చుకోవడం కాదేమో ఆలోచించండి. ఆమె సున్నా అంటే సున్నాయే. ఒక ఆరు నెలలు ఒప్పుకోండి. తర్వాత ఆమె అంకె చెప్తే, సైటులో డిపాజిట్ లిమిట్ ఆమె పక్కన కూర్చుని ఉండగానే పెట్టండి.

ఈ మాట ఇచ్చాక మళ్లీ దాచి ఆడితే, లేదా ఆపాలనుకుని ఆపలేకపోతే, అది ఇక హాబీ కాదు. న్యూజెర్సీలో 1-800-426-2537 హెల్ప్‌లైన్ ఉంది, ఫోన్ చేయండి. ఆన్‌లైన్ ఆటలకు మిమ్మల్ని రానివ్వకుండా ప్రభుత్వ జాబితాలో మీ పేరు మీరే చేర్పించుకునే వీలు కూడా ఉంది. జూదగాళ్ల కుటుంబ సభ్యుల కోసం గామనాన్ అనే సంఘం సమావేశాలు జరుపుతుంది. మీరు ఆడినా మానినా అది మీ భార్యకు ఉపయోగపడొచ్చు. ఆమె తన తండ్రి గురించి ఎవరితోనూ మనసు విప్పి ఉండదు.

ఇండియాకు వచ్చినప్పుడు మాత్రం ఈ ఆట జోలికి పోవద్దు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద నిషేధం తెచ్చాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా అందులో లేదు. అత్తగారి ఊళ్లో సంక్రాంతికి ఎవరైనా "అల్లుడుగారూ, ఒక చెయ్యి వేయండి" అని పిలిచినా కూర్చోవద్దు. ఆ ఊళ్లో, ఆ మనుషుల మధ్య మిమ్మల్ని పేక ముందు చూస్తే మీ భార్య తట్టుకోలేదు.

ఆమెతో మాట్లాడిన తర్వాత వచ్చే మొదటి క్లాసు ఆ గదిలో కాకుండా హాల్లో పెట్టుకోండి. హెడ్‌ఫోన్స్ వద్దు. మీరు అతనికి ఏం చెప్తున్నారో, అతను మీకు ఏం చెప్తున్నాడో ఆమెకు వినిపించనివ్వండి. ఆమె వచ్చి కూర్చోకపోయినా సరే, వంటింట్లోంచి వింటుంది. నెల తర్వాత ఎలా ఉన్నారో రాయండి, ఈసారి ఇద్దరూ కలిసి రాయగలిగితే ఇంకా సంతోషిస్తాను.