పొట్టంగి పెరటిలో కొలంబైన్

సెమిలిగుడ

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

పొట్టంగిలో ఇల్లు కుదిరిందనీ, పెరట్లో కొలంబైన్ పూలు పెంచాలని ఉందనీ నీవు రాసినది చదివి ఎంతో సంతోషించాను. హిమాలయాల వంటి చలి ప్రదేశాలలో సహజంగా పెరిగే మొక్క కనుక దిగువన సాలూరు ఎండకు అది నిలవదు గాని, సుమారు 900 మీటర్ల ఎత్తున్న మన కొరాపుట్ పీఠభూమి మీద శ్రద్ధగా చూసుకుంటే పూస్తుంది.

నల్లగా నిగనిగలాడే ఆ సన్నటి విత్తనాలను తడి ఇసుకలో కలిపి మూడు నాలుగు వారాలు ఫ్రిజ్‌లో ఉంచు, ఫ్రీజర్‌లో వద్దు. తరువాత లోతైన కుండీలో మట్టి మీద చల్లి, అరచేతితో అదిమి వదిలెయ్యి. మొలవడానికి వాటికి వెలుతురు కావాలి. ఇది తెలియక మొదటిసారి నేను వేలి కణుపు లోతున పూడ్చి, నెల రోజులు చూసి కుండీ బోర్లించేశాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఇక్కడ ఈ మొక్కకు అసలు శత్రువు ఎండ కాదు, వాన. మన ఎర్రనేలలో నీరు రెండు రోజులు నిలిచిందంటే వేరు కుళ్లి, నిన్నటి దాకా పచ్చగా ఉన్న మొక్క చేతికి ఊడి వస్తుంది. అందుచేత అడుగు ఎత్తున మడి కట్టి, మట్టిలో ఏటి ఇసుక, బాగా మాగిన గెత్తం (పశువుల ఎరువు) కలుపు. పొద్దుటి ఎండ తగిలి, మధ్యాహ్నం సిల్వర్ ఓక్ చెట్టు నీడ పడే చోటు మేలు. తల్లివేరు లోతుకు దిగుతుంది కనుక నాలుగైదు ఆకులప్పుడే నాటి, ఆపైన కదపకు. లేత మొక్కలైతే ఆ వానాకాలమంతా కుండీలోనే చూరు కింద ఉంచడం క్షేమం.

ఆకుల మీద తెల్లని వంకర గీతలు కనిపిస్తే లోపల పురుగు తొలుస్తున్నట్లు. ఆ ఆకులు తుంచి పారెయ్యి, చాలు. విత్తనాలు, వేళ్లు విషం, పిల్లల చేతికి అందనివ్వకు.

మొదటి ఏడు పూయకపోతే దిగులుపడకు. సాధారణంగా రెండో ఏడే పూస్తుంది. మొక్క మూడు నాలుగేళ్లకు మించి బతకడం అరుదు కనుక కొన్ని కాయలను ఎండనిచ్చి, విత్తనం అక్కడే రాలనివ్వు. రెండు రంగులు పక్కపక్కన ఉంటే పిల్ల మొక్కలు తల్లి రంగు తప్పుతాయి. నాకైతే అవే ఎక్కువ ఇష్టం.

ఈసారి వచ్చినప్పుడు మా పెరటి విత్తనం పొట్లం కట్టి ఇస్తాను. ఈలోగా మడి సిద్ధం చేసి ఉంచు.

ఇట్లు,
మీ పెదనాన్న