పురిటింట్లో తల్లీకూతుళ్ల మధ్య మాటల్లేవు

ప్రశ్న: మాది తెనాలి దగ్గర ఒక పల్లె. హైదరాబాదులో ఉద్యోగం చేసే మా అమ్మాయి తొలి కాన్పుకు మా ఇంటికి వచ్చింది. ఆపరేషన్ చేసి బాబును తీశారు. ఈ రోజుకు 26వ రోజు. ఇద్దరు పిల్లల్ని పెంచినదాన్ని, అయినా నేనేం చేయబోయినా వద్దంటుంది. దూది ఉండను తేనెలో ముంచి బాబు నాలుకకు రాయబోతే చేతిలోంచి లాక్కుంది. సాంబ్రాణి పొగ వేయనివ్వదు, కాటుక పెట్టనివ్వదు. పుట్టినప్పుడు బాబు 2 కిలోల 800 గ్రాములు, పోయినవారం తూస్తే 3 కిలోల 200. సాయంత్రమైతే గుక్కపట్టి ఏడుస్తాడు. పాలు చాలడం లేదేమో, డబ్బా పాలు పడదామంటే వినదు. బారసాలకు వచ్చిన మా వియ్యపురాలు "పిల్లాడు ఒళ్ళు చేయలేదే" అని అందరి ముందూ అనేసరికి నాకు తల కొట్టేసినట్లయింది. ఆ రాత్రి మా ఇద్దరికీ మాటా మాటా పెరిగింది, అప్పటినుంచి పలకరింపుల్లేవు. బాబు పడుకున్నా తను పడుకోదు. గోడవైపు తిరిగి కన్నీళ్లు పెట్టుకుంటుంది, తనకేదీ చేతకాదంటుంది. కన్నతల్లి మీద ఇంత కోపమెందుకో చెప్పండి.

జవాబు: అమ్మా, మీ ఉత్తరమంతా తేనె, పొగ, డబ్బా పాల గురించే ఉంది. మీ అమ్మాయి నిద్ర గురించి, కన్నీళ్ల గురించి చివర్లో ఒకటి రెండు వాక్యాలే రాశారు. నేను ఎక్కువసేపు ఆగింది అక్కడే. అయితే బాబు సంగతి తేలనిదే మీ మనసు నిమ్మళించదు కనుక ముందు అదే చూద్దాం.

పుట్టిన బిడ్డ మొదటి కొద్ది రోజుల్లో బరువు కొంత తగ్గడం, రెండు వారాలు నిండేసరికి ఆ తగ్గినది మళ్ళీ పుంజుకోవడం మామూలే. మీరు రాసిన లెక్క ప్రకారం మీ మనవడు ఆ తగ్గుదలను పూడ్చుకుని పైగా 400 గ్రాములు పెరిగాడు. రోజుకు ఆరుసార్లో అంతకంటే ఎక్కువో ఉచ్చ పోస్తూ, రాత్రీ పగలూ కలిపి ఎనిమిది నుంచి పన్నెండుసార్లు పాలు తాగుతూ ఉంటే తల్లిపాలు చాలుతున్నట్లే. సాయంత్రం ఏడుపు ఆకలి వల్లనే అనుకోనక్కరలేదు. ఆరోగ్యంగా ఉన్న పిల్లలు కూడా ఆరో వారం వరకు రోజురోజుకూ ఎక్కువ ఏడ్చి, ఆ తరువాత క్రమంగా తగ్గుతారు. డబ్బా పాలు మొదలుపెడితే బిడ్డ రొమ్ము పట్టడం తగ్గుతుంది, పట్టడం తగ్గినకొద్దీ పాలు పడటమూ తగ్గుతుంది, అప్పుడు మీ అనుమానమే నిజమై కూర్చుంటుంది. వియ్యపురాలి మాటకు జవాబు మీ దగ్గర తూకం రూపంలో ఉంది. ఆవిడతో గొడవ పడకుండా ఆ అంకె చెప్పి ఊరుకోండి.

తేనె విషయంలో మాత్రం మీ అమ్మాయి చేసినది సరైన పని. లాక్కున్న తీరు మీకు బాధ కలిగించి ఉండవచ్చు, కానీ ఏడాది నిండని పిల్లలకు తేనె ఒక్క చుక్క కూడా పెట్టకూడదు. అందులో ఉండగల ఒక రకం సూక్ష్మజీవుల బీజాలు పసిపేగులో పెరిగి కండరాలను చచ్చుబడేలా చేసే విషాన్ని విడుదల చేస్తాయి. అరుదైన జబ్బే అయినా ప్రాణం మీదికి తెస్తుంది. పొగ పసివాళ్ల ఊపిరితిత్తులకు పడదు. కాటుకల్లో కొన్నింటిలో సీసం ఉంటుంది కనుక కంటికి వద్దు. దిష్టి చుక్క అరికాలికి పెట్టుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండకపోవచ్చు. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయడం మానేసి, ఒళ్ళంతా నూనె రాసి, కాళ్ల మీద పడుకోబెట్టుకుని గోరువెచ్చని నీళ్లు పోయడం నిస్సందేహంగా కొనసాగించండి. ఆ పనితనం ఏ వీడియో చూసినా రాదు, మీ చేతికే వస్తుంది. బాబు పాలు తాగకుండా మగతగా పడి ఉన్నా, ఒళ్ళు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ కాగినా, ఊపిరి వేగంగా తీస్తున్నా, పసుపుదనం అరచేతులకూ అరికాళ్లకూ పాకినా ఇంటి వైద్యం జోలికి పోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

ఇక మీ అమ్మాయి సంగతి. కాన్పయిన రెండో మూడో రోజు నుంచి చాలామంది బాలింతలకు ఊరికే ఏడుపు వస్తుంది, చిరాకు కలుగుతుంది; అది రెండు వారాల లోపు దానంతటదే సర్దుకుంటుంది. మీ ఇంట్లో 26వ రోజున కూడా కన్నీళ్లు ఆగలేదు, బిడ్డ నిద్రపోయినా తల్లికి నిద్ర పట్టడం లేదు, తనకేదీ చేతకాదన్న మాట నోట వస్తోంది. ఇవన్నీ కలిపి చూస్తే కాన్పు తరువాత వచ్చే మానసిక కుంగుబాటు అయి ఉండవచ్చని నా అనుమానం. ఔనో కాదో వైద్యులే చెప్పాలి, చూపించడం మాత్రం ఆలస్యం చేయవద్దు. ఇది పొగరూ కాదు, మీ పెంపకంలో లోపమూ కాదు. మీరు కోపం అనుకుంటున్నది చాలావరకు ఈ అలసటే కావచ్చు. కాన్పు చేసిన డాక్టరమ్మ దగ్గరికి ఈ వారమే తీసుకువెళ్లి, కుట్ల సంగతితో పాటు నిద్ర సంగతి, ఏడుపు సంగతి కూడా చెప్పండి. అవసరమైతే ఆవిడే మానసిక వైద్యుల దగ్గరికి పంపుతారు. బిడ్డకు పాలిస్తూ వాడదగిన మందులు ఉన్నాయి కనుక ఆ భయంతో వెనకాడవద్దు. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌కు, అంటే 14416కు, ఏ వేళనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. తనకు బతకాలని లేదనో, బాబుకేమైనా చేసేస్తానేమోనని భయంగా ఉందనో అన్న రోజున మాత్రం ఒంటరిగా వదలకుండా, తెల్లవారేదాకా ఆగకుండా, ఆసుపత్రికి తీసుకుపోవాలి.

పురిటింట్లో పెద్దదిక్కుగా మీరు చేయగలిగినది ఇంకా చాలా ఉంది. అది బిడ్డ వైపు నుంచి బాలింత వైపు మళ్లాలని నా కోరిక. పత్యం పేరుతో మంచినీళ్లు తగ్గించకండి, పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ. తెలగపిండి కూర, పప్పు, ఆకుకూరలు, గుడ్డు అన్నీ పెట్టండి. ఐరన్ మాత్రలు వేడి చేస్తాయని ఆపించకండి, కాన్పు తరువాత 180 రోజులు వాడాలి. రాత్రి పాలు పట్టగానే బాబును మీరు తీసుకుని, భుజాన వేసుకుని త్రేన్పించి, గుడ్డలు మార్చి, మళ్ళీ ఆకలికి లేచేదాకా మీ గదిలో ఉయ్యాలలో ఉంచుకోండి. ఆ కాస్త నిద్ర ఆమెకు అన్నిటికంటే ముఖ్యం. అల్లుడిగారికి కూడా ఉన్న విషయం దాచకుండా చెప్పండి. వారం రోజులు సెలవు పెట్టి వచ్చి ఉండమని అడగడంలో చిన్నతనమేమీ లేదు. చూడటానికి వచ్చే చుట్టాలను ఒక నెల ఆగమని చెప్పే బాధ్యత మీది, ఆ మాట బాలింత చేత చెప్పించకండి.

మాటలు ఎలా కలపాలన్నది మీకు కష్టంగా తోస్తున్నట్లుంది. తేనె గురించి నువ్వు చెప్పిందే నిజమటే, నాకు తెలియలేదు అని మీరే ముందుగా అనండి. ఆ తరువాత ఏ సలహా చెప్పకుండా, రాత్రి నిద్ర పడుతోందా అని మాత్రం అడిగి, తను చెప్పేది మధ్యలో అందుకోకుండా పూర్తిగా వినండి. ఆశా కార్యకర్త 28వ రోజున ఒకసారి, 42వ రోజున మరోసారి ఇంటికి రావాలి. ఎల్లుండి వచ్చినప్పుడు బాబును మీ ఇద్దరి ముందే తూయించి, ఆ బరువు కార్డు మీద రాయించండి. ఆరో వారం టీకాలకు వెళ్లిన రోజున అమ్మాయిని కూడా డాక్టరమ్మకు మళ్ళీ చూపించండి. మూడో నెలలో అత్తవారింటికి పంపే ముహూర్తం గురించి అంతవరకు ఎవరికీ మాట ఇవ్వకండి.