హెడ్‌లైన్‌లో మీ పని కనబడాలి

ప్రశ్న: బీకాం చదివి, మిర్యాలగూడ రైస్ మిల్లులో రెండేళ్లుగా లెక్కలు చూస్తున్నా. లింక్డ్‌ఇన్‌లో ‘ఉద్యోగం కోసం చూస్తున్నాను’ అని పెట్టి ఆరు నెలలైనా ఒక్క పిలుపూ లేదు. ఎందుకు?

జవాబు: లోపం మీ పేరు కింద కనబడే ఆ హెడ్‌లైన్‌లోనే ఉంది. రిక్రూటర్లు ‘ట్యాలీ’ (లెక్కల సాఫ్ట్‌వేర్), ‘జీఎస్టీ’ లాంటి పని మాటలతో వెతుకుతారు. 220 అక్షరాల చోటుంది. ‘అకౌంటెంట్, ట్యాలీ ప్రైమ్, జీఎస్టీ రిటర్నులు, రైస్ మిల్లు లెక్కలు’ అని ఇంగ్లిషులో రాయండి. మిల్లు పేరు చెప్పడానికి మొహమాటమెందుకు, అదే మీ బలం. అనుభవం కింద ‘అకౌంట్స్ చూశాను’ అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. నెలకు ఎన్ని బిల్లులు ఎక్కిస్తారు, జీఎస్టీఆర్-1, 3బీ రిటర్నులు మీరే వేస్తారా, బ్యాంకు లెక్క ఎవరు సరిచూస్తారు, ఇవన్నీ అంకెలతో రాయండి.

హైదరాబాద్ వెళ్లగలిగితే, ఉద్యోగం కావాలని తెలిపే ‘ఓపెన్ టు వర్క్’ సెట్టింగ్‌లో ఆ ఊరూ చేర్చండి, లేకపోతే రిక్రూటర్ల వడపోతలో జారిపోతారు. అక్కడే ‘రిక్రూటర్లకు మాత్రమే’ ఎంచుకోండి. ఫొటో చుట్టూ ఆకుపచ్చ వలయం పెడితే మీ ఓనరుకూ కనబడుతుంది. అన్నట్టు, పెళ్లి ఫొటో కత్తిరించి పెట్టకండి.