తమ్ముడి కబుర్లు అక్క చేత మోయించకండి

గజపతినగరం దగ్గర్నుంచి ఒక తల్లి ఉత్తరం. పాప తొమ్మిదో తరగతి, బాబు ఏడో తరగతి. ఇద్దరిదీ విజయనగరంలో ఒకే ప్రైవేటు బడి, ఒకే వ్యాను. పాప క్లాసు ఫస్టు. దసరా సెలవులయ్యాక బాబు బడికి పోనని మొండికేస్తున్నాడు. పొద్దున్నే కడుపునొప్పి అంటాడు, అక్కతో మాటల్లేవు. "వాడు బడిలో చేసే పనులన్నీ పాప నాకు చెబుతూనే ఉంటుంది. 'అప్పని (అక్కని) చూసి నేర్చుకోరా' అంటే కంచం తోసేసి లేచిపోతాడు. వేరే బడికి మార్చాలా, హాస్టల్లో వేయాలా? బళ్లు వేరైతే, చదువుకునే పిల్లల తల్లులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు ఆగుతుందా?" అని అడిగారు.

అమ్మా, డబ్బు సంగతి ముందు తేల్చేద్దాం. తల్లికి వందనం ఏ బిడ్డ లెక్క ఆ బిడ్డదే, ఒకే బడిలో చదవాలన్న షరతు లేదు. 75 శాతం హాజరు మాత్రం ఉండాలి. బాబు ఇలా నాగాలు పెడితే ఇబ్బంది అక్కడొస్తుంది. ఇక బడి మార్చడం, హాస్టలు అంటారా, ఆ ఆలోచన ఇప్పుడు వద్దు.

"పాప నాకు చెబుతూనే ఉంటుంది" అన్నారే, అసలు చిక్కు అక్కడుంది. అడుగుతున్నారు కాబట్టే చెబుతోంది. మిగతా పిల్లల అల్లరి బడి గేటు దగ్గరే ఆగిపోతుంది, మీ వాడిది మాత్రం వాడితో పాటే వ్యానెక్కి ఇంటికొస్తోంది. ఇలాంటి చోట టీచర్లూ "మీ తమ్ముడు హోంవర్కు చేయలేదు, ఇంట్లో చెప్పు" అని పాపకే కబురు పెడుతుంటారు. వాడికి బడిలోనూ ఊపిరాడదు, ఇంట్లోనూ ఆడదు. పాపకేమో స్నేహితురాళ్ల ముందు తలవంపులు, తమ్ముడి దగ్గర శత్రుత్వం. "పెద్దది కదా, చూసుకుంటుందిలే" అనడం మన ఇళ్లలో మామూలే కానీ, నేను ఒప్పుకోను. పిల్లాణ్ని దిద్దుకోవడం కన్నవాళ్ల పని.

ఈ రాత్రే పాపను పక్కకు పిలిచి చెప్పండి: "ఇకనుంచి తమ్ముడి సంగతులు నువ్వు చెప్పక్కర్లేదు. దెబ్బ తగిలినా, ఎవరైనా కొట్టినా మాత్రం చెప్పు." ఇదే మాట బాబుకూ విడిగా చెప్పండి. మొదటి వారం పాప అలవాటు కొద్దీ కబురు మోసుకొస్తుంది, మీ మెప్పు అలాగే దొరికింది మరి. మాట మధ్యలోనే ఆపి, "నీ సంగతి చెప్పమ్మా" అనండి. బాబు డైరీ దాచి మిమ్మల్ని పరీక్షిస్తాడు. అప్పుడు కూడా పాపను అడగొద్దు, క్లాస్ టీచరుకే ఫోన్ చేయండి.

ఈ శనివారం మీవారూ మీరూ కలిసి బడికి వెళ్లండి. ప్రిన్సిపాల్ దగ్గరికి కాదు, బాబు క్లాస్ టీచరు దగ్గరికి. ఫిర్యాదు ఏదైనా డైరీలో రాయమనండి, అక్కను పిలిపించొద్దని, క్లాసులో అక్క పేరెత్తి పోల్చొద్దని అడగండి. పేరెంట్స్ మీటింగులో బాబు గురించి మాట్లాడేటప్పుడు పాప పక్కన నిలబడకూడదు. ఇంట్లో రెండు ప్రోగ్రెస్ కార్డులూ ఒకేసారి ముందేసుకుని సంతకాలు పెట్టకండి.

కడుపునొప్పిని నాటకం అనొద్దు. ఒకసారి డాక్టరుకు చూపించండి. రెండు వారాల పాటు నొప్పి వచ్చిన రోజులు క్యాలెండరులో గుర్తు పెట్టండి. ఆదివారాలు రాకపోతే అది బడి భయం కావచ్చు. వ్యానులో పక్కన ఎవరు కూర్చుంటారో, ఎవరైనా ఏడిపిస్తున్నారేమో మీరే నెమ్మదిగా అడగండి. ఇంకొకటి: పాప లేనప్పుడు బాబు చేత ఐదో తరగతి తెలుగు, ఇంగ్లిషు పుస్తకాల్లోంచి ఒక్కో పేజీ పైకి చదివించండి. అక్షరం అక్షరం కూడబలుక్కుంటుంటే ఈ కష్టం చాలా వెనక మొదలైందన్నమాట. ఏడో తరగతి ట్యూషన్ పనికిరాదు, వాడు ఆగిన చోటు నుంచే చెప్పించాలి.

సంక్రాంతి దాటినా మార్పు లేకపోతే జూన్‌లో బడి మార్చండి. మధ్యలో వద్దు. పాఠాల వరుస తప్పుతుంది, పైగా "అక్క కోసం నన్ను గెంటేశారు" అనుకుంటాడు. మార్చేటప్పుడు టీసీ తీసుకోవడంతో పాటు, ఆన్‌లైన్ రికార్డులో బాబు పెన్ నంబరును (ప్రతి విద్యార్థికీ ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్యను) పాత బడి వదిలిందో లేదో చూసుకోండి. ప్రభుత్వ బడిలో ఎనిమిదిలో చేరిస్తే, టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండడానికి వీల్లేదు. 2009 విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ఆ మాటే చెబుతోంది.

హాస్టలు మాట మాత్రం వాడి ముందు ఎత్తకండి. ఇప్పటికే ఎత్తి ఉంటే, "నిన్నెక్కడికీ పంపం" అని వాళ్ల నాన్న చేతే చెప్పించండి.