బొమ్మల కార్డులు వాడితే మాటలు రావా?

ప్రశ్న: మా బాబుకు మూడున్నరేళ్లు. ఆటిజం ఉందని చెప్పారు. సొంతంగా మాట్లాడడు. ఏదైనా కావాలంటే నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్తాడు. ‘నీళ్లు కావాలా?’ అని అడిగితే ‘నీళ్లు కావాలా’ అని నా మాటే తిరిగి అంటాడు. స్పీచ్ థెరపిస్టు బొమ్మల కార్డులు వాడమన్నారు. వాటికి అలవాటు పడితే ఇక మాట్లాడడేమోనని టెన్షన్‌గా ఉంది. ఇంట్లో మేమేం చేయాలి?
– ఓ తల్లి

జవాబు: ముందు ఆ భయం వదిలేయండి. కార్డులు వాడినందువల్ల మాటలు ఆగిపోతాయనడానికి ఆధారం లేదు. కొందరు పిల్లల్లో మాట పెరగడమే కనిపించింది. కార్డు ఇస్తే కావలసింది దొరుకుతుందని తెలిశాక ఏడుపు, చిరాకు కూడా తగ్గొచ్చు. బాబు కార్డు ఇచ్చిన ప్రతిసారీ ఆ మాట మీరు పైకి అనండి. కార్డులు సంచిలో దాచకుండా బాబు చేతికి అందేచోట పెట్టండి. అల్లరి చేశాడని మాత్రం ఎప్పుడూ లాక్కోవద్దు.

మీ చెయ్యి పట్టుకుని లాగడం కూడా బాబు మీకు చెప్పే మాటే. అన్న మాటే తిరిగి అనడాన్ని ఎకొలేలియా అంటాం. చాలాసార్లు ‘అవును, కావాలి’ అనడానికి పిల్లలకు దొరికిన దారి అది. అందుకే ప్రశ్నలు తగ్గించి, బాబు నోట ఏ మాట రావాలో అదే మీరు అనండి. గ్లాసు అందిస్తూ ‘నీళ్లు కావాలి’ అంటే చాలు. రేపు తిరిగి అన్నా సరైన మాటే అంటాడు.

రోజూ కాసేపు కింద కూర్చుని ఆడించండి. సబ్బు బుడగలు ఇష్టమైతే ఒకసారి ఊది, మూత పెట్టేసి, మనసులో పది లెక్కపెడుతూ ఆగండి. మీవైపు చూసినా, మూత తాకినా, ‘బు’ అన్నా వెంటనే ‘బుడగ’ అంటూ ఊదండి. ఈ ఆగడమే తల్లిదండ్రులకు కష్టం. నేను చూసినవాళ్లలో చాలామంది మూడు లెక్కపెట్టేలోపే తామే చెప్పేస్తారు. ‘చెప్పు, చెప్పు’ అని ఒత్తిడి చేయొద్దు, మాట వస్తేనే ఇస్తానని పట్టుబట్టొద్దు. కళ్లలోకి చూడమని గడ్డం పట్టి తిప్పడం అసలే వద్దు.

వినికిడి పరీక్ష చేయించకపోతే ముందు అది చేయించండి. చప్పుళ్లకు తిరిగి చూస్తున్నాడు కదా అని మానేయొద్దు. గతంలో వచ్చిన మాటలు పోయినా, ఉన్నట్టుండి పిలిచినా పలక్కుండా కాసేపు ఒకేవైపు చూస్తూ ఉండిపోతున్నా డాక్టర్‌కు వెంటనే చెప్పాలి. టీవీ, ఫోన్ తగ్గించండి. ఆటిజంలో మాటలు తెప్పించే మందంటూ ఏదీ లేదు. స్టెమ్‌సెల్స్ ఎక్కిస్తామన్నా, ఒంట్లోని లోహాలు తీసేస్తామన్నా ఒప్పుకోకండి. రెండోది ప్రాణం మీదికి కూడా తేవచ్చు.

ఈసారి థెరపీకి వెళ్లేముందు, బాబు మీ చెయ్యి పట్టుకుని లాగేటప్పుడు ఫోన్‌లో వీడియో తీసి థెరపిస్టుకు చూపించండి. ఏ కార్డుతో మొదలుపెట్టాలో దాన్నిబట్టి తేలుతుంది.