పొయ్యి వెలగని రోజుల్లో పిల్లల అన్నం

చిట్టితల్లికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నిన్న ఫోన్‌లో నీ గొంతు వినగానే అర్థమైంది. వంటింటి గట్టు పగలగొట్టడం గురించి నీకేం బెంగ లేదు. ఆ తర్వాత ఇద్దరు పిల్లలకూ పూటపూటకీ ఏం పెట్టాలా అన్నదే నీ టెన్షన్. మేస్త్రీ ఇరవై రోజులు అన్నాడన్నావు. నువ్వు మాత్రం నెల అనుకుని సిద్ధపడు. ముందే అయిపోతే సంతోషం.

నా వంటిల్లు రెండుసార్లు మూతపడింది. మొదటిసారి సింకు వెనక గొట్టం పగిలి, చెప్పాపెట్టకుండా. అప్పుడు మీ అన్నయ్యకు నాలుగేళ్లు. ఏది దొరికితే అది, ఎప్పుడు కుదిరితే అప్పుడు పెట్టాను. మూడో రోజు సాయంత్రం చూస్తే వాడు బిస్కెట్ ప్యాకెట్ ఒళ్లో పెట్టుకుని గుమ్మంలో కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. ఆకలో, నిద్రో వాడికే తెలియడం లేదు. పగలంతా ఏదో ఒకటి నములుతూనే ఉన్నాడు, అన్నం మాత్రం ఒక్క పూటా సరిగ్గా తినలేదు. నాకు తెలిసొచ్చింది ఆ రోజే. వంటిల్లు లేకపోయినా పిల్లలు ఓర్చుకుంటారు, అన్నం వేళ తప్పితేనే ఓర్చుకోలేరు. అందుకే ఏం వండాలన్నది తర్వాత ఆలోచించు. ముందు ఇప్పుడు మీ ఇంట్లో పిల్లలు ఏ వేళకు తింటున్నారో కాగితం మీద రాసి గోడకు అంటించు. పని జరిగినన్నాళ్లూ ఆ వేళలు మారకూడదు. కంచంలో ఉన్నది పెరుగన్నమూ అరటిపండే అయినా సరే, వేళకు కూర్చోబెట్టి పెట్టు.

ఇక చోటు. దుమ్ము రాని గదిలో ఒక బల్ల వంటకి, ఒక మూల తినడానికి కేటాయించు. దుమ్ము అంటే కంటికి కనపడేదే అనుకోకు. రెండోసారి మేమే పని పెట్టుకున్నప్పుడు, మధ్యలో గది తలుపు మూసే ఉంది కదా అని ధీమాగా ఉన్నాను. మధ్యాహ్నం గిన్నె మీద మూత తీసి పెరుగు ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాను, పళ్ల కింద కరకరలాడింది. మూత అంచున తెల్లటి పొడి సన్నగా గీత కట్టి ఉంది. అదే పెరుగు ఇంకో నిమిషంలో పిల్లాడి కంచంలోకి వెళ్లాల్సింది. అప్పటినుంచి బిగుతు మూతల డబ్బాలే వాడాను, తీసే ముందు మూతని తడిగుడ్డతో తుడిచేదాన్ని. మీది పాత ఇల్లు కాబట్టి ఈ జాగ్రత్త నీకు మరీ అవసరం. పాతకాలం పెయింట్లలో సీసం కలిసి ఉండవచ్చు, గీకినప్పుడు అది పొడిగా లేస్తుంది. చిన్నపిల్లల మెదడు ఎదుగుదలకు సీసం చాలా చెరుపు. చీపురుతో ఊడిస్తే ఆ పొడి మళ్లీ గాల్లోకి లేస్తుంది, అందుకని తడిగుడ్డతోనే తుడిపించు. గోడలు గీకే రోజున పిల్లల్ని ఇంట్లో ఉంచకు. బాబు పాకుతున్నాడు, నేలంతా వాడి చేతుల్లోంచి నోట్లోకే వెళ్తుంది.

సామాను ఎక్కువ కొనకు. ఫ్రిజ్‌ని పక్క గదిలోకి జరిపించు. మూడు లీటర్ల రైస్ కుక్కర్, నీళ్లు కాచే కెటిల్ ఉంటే సగం ఇల్లు గడిచిపోతుంది. ఇండక్షన్ స్టవ్ ఉంటే ఇంకా హాయి. కానీ ఇండక్షన్‌కీ కెటిల్‌కీ ఒక్కోదానికి 1500 నుంచి 2000 వాట్ల దాకా కరెంటు కావాలి. రెండిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టావంటే వైరు కాలుతుంది. ఒకటి ఆపి ఇంకోటి వాడుకో, అదీ నేరుగా గోడ ప్లగ్గులోనే. వైర్లు బల్ల అంచున వేలాడకూడదు, బాబు పట్టుకుని లాగితే మరిగే నీళ్లు మీద పడతాయి. ఎంత అవసరం వచ్చినా బొగ్గుల కుంపటి, చిన్న గ్యాస్ పొయ్యి లాంటివి పడకగదిలో వెలిగించకు. వాటినుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

రైస్ కుక్కర్‌ని అన్నానికే అనుకోకు. బియ్యం, పప్పు, సన్నగా తరిగిన కూరగాయలు కలిపి ఒకేసారి మెత్తగా ఉడికించవచ్చు. కింద అది ఉడుకుతుంటే పైన జల్లెడ తట్టలో రెండు గుడ్లో, బంగాళాదుంప ముక్కలో పెట్టు, ఆవిరికి ఉడికిపోతాయి. బాబుకి అందులోంచే రెండు గరిటెలు ముందు తీసి, ఉప్పు కలపకుండా మెదిపి పెట్టు. ఏడాది నిండని బిడ్డకు విడిగా ఉప్పు అక్కర్లేదు, తేనె అసలు నాకించవద్దు. మిగతాదాంట్లో ఉప్పు వేసుకుంటే మీ ముగ్గురికీ అదే భోజనం. కెటిల్‌లో నీళ్లు తప్ప ఇంకేం కాచకు, పాలు పొంగి అడుగంటితే ఆ మాడు వాసన నెలంతా వదలదు. వేడినీళ్లు చాలు, ఓట్స్ పది నిమిషాల్లో మెత్తబడతాయి.

పని మొదలయ్యే ముందు రెండు ఆదివారాలు నీకున్నాయి కదా. అప్పుడే నాలుగైదు రకాల కూరలూ పప్పూ వండి, చల్లారాక చిన్న డబ్బాల్లో ఒక్క పూటకు సరిపడా ఫ్రీజర్‌లో పెట్టుకో. పెద్ద డబ్బాలో పెడితే ఇంత ముక్కకోసం అంతా కరిగించాల్సి వస్తుంది. మూత మీద తేదీ రాయి. కావాల్సింది ముందురోజు రాత్రే ఫ్రీజర్‌లోంచి కింద అరలోకి దించు, బల్ల మీద పెట్టి కరిగించకు. వేడి చేసేటప్పుడు లోపలి దాకా పొగలు రావాలి. ఒకసారి వేడి చేసింది మిగిలితే పారబోయడమే, రెండోసారి పిల్లలకు పెట్టకు.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. గొట్టం పగిలిన ఆ రోజుల్లోనే, మధ్యాహ్నం వండిన అన్నం టిఫిన్ డబ్బాలో పెట్టి అలమర మీద ఉంచాను. సాయంత్రం ఏడింటికి అదే బాగా వేడి చేసి మీ అన్నయ్యకు పెట్టాను. వాసన బాగానే ఉంది, రుచీ బాగానే ఉంది. తొమ్మిదిన్నరకి వాంతులు మొదలయ్యాయి, రాత్రంతా ఆగలేదు. డాక్టరు గారు చెప్పాకే తెలిసింది. బియ్యంలో ఉండే ఒక సూక్ష్మజీవి, బాసిల్లస్ సెరియస్ అంటారు, దాని బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి పెరిగి విషం తయారుచేస్తాయి. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. వేడి చేశాను కదా అని ధైర్యపడటమే నేను చేసిన పొరపాటు. అప్పటినుంచి నా లెక్క ఇది: వండిన ఏ పదార్థమైనా బయట 2 గంటలు, ఎండ 32 డిగ్రీలు దాటిన రోజుల్లో 1 గంట. ఆ లోపు తినాలి, లేదా ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. అన్నమైతే వెడల్పు పళ్లెంలో పరిచి త్వరగా చల్లార్చి లోపల పెట్టు, మర్నాటికల్లా వాడెయ్. కరెంటు పనివాళ్లు మెయిన్ తీసేస్తామంటే ఫ్రిజ్ తలుపు తెరవకుండా ఉంచు, 4 గంటల దాకా లోపలి చల్లదనం నిలుస్తుంది. అంతకు మించితే పాలు, వండినవి నమ్ముకోకు.

బాబు సంగతికి వస్తే, నీ పాలు తాగుతున్నాడు కాబట్టి ఈ నెలలో వాటిని తగ్గించే ఆలోచన పెట్టుకోకు. పొయ్యి అక్కర్లేని భోజనం అదొక్కటే, పైగా చప్పుళ్లకీ కొత్త మనుషులకీ బెదిరిన పిల్లవాడికి నీ ఒడి కూడా కావాలి. వాడికి పది నెలలు, రోజుకు 3, 4 సార్లు మెత్తటి అన్నం, మధ్యలో ఒకటి రెండు సార్లు పండో పెరుగో పడాలి. రాత్రి డబ్బా పాలు ఇస్తున్నావన్నావు. ఆ పొడిని కలపడానికి మరిగించి 70 డిగ్రీలకు తగ్గకుండా ఉన్న నీళ్లే వాడు, పొడిలో ఉండే క్రిములు ఆ వేడికి చస్తాయి. కెటిల్ ఆగాక అరగంట లోపు కలిపితే చాలు. తర్వాత గోరువెచ్చగా చల్లార్చి పట్టు. కలిపి 2 గంటలైతే పారబొయ్యి, వాడు తాగగా మిగిలింది అప్పుడే పారబొయ్యి. సీసాలు కుక్కర్ గిన్నెలో మునిగేలా నీళ్లు పోసి మరిగించుకోవచ్చు.

గిన్నెలు కడగడం ఈ మొత్తంలో విసుగు పుట్టించే పని. బాత్రూమ్‌లోనే తోమక తప్పదు. రెండు టబ్బులు విడిగా కొనుక్కో, ఒకటి సబ్బుకి, ఒకటి మంచినీళ్లకి. స్నానాల బకెట్ వాడకు. తోమినవి అక్కడే ఆరబెట్టకుండా గదిలోకి తెచ్చి, బోర్లించి, మీద బట్ట కప్పు. పచ్చి మాంసం, చేప ఈ నెల ఇంటికి తేవద్దు. కడగడానికి సరైన చోటు లేనప్పుడు అది తెచ్చే తంటా ఎక్కువ.

హోటల్ నుంచి తెచ్చుకోవడం తప్పేమీ కాదమ్మా, దానికి నొచ్చుకోకు. కాకపోతే పూటంతా దానిమీదే నడపకు. ఉప్పూ నూనే ఎక్కువ పడతాయి, నాలుగు రోజులకే పిల్లల కడుపు మొరాయిస్తుంది. వేడివేడిగా వచ్చిన ఒక్క వంటకం తెప్పించి, అన్నం, పెరుగు, పండు ఇంట్లోవి కలుపుకో. పక్కింటివాళ్లు ఏమైనా చేసి పెట్టమంటారా అని అడిగితే మొహమాటపడి వద్దనకు. పిల్లలకు ఒక కూర చేసి పెడితే చాలండీ అని చెప్పు. అడిగినవాళ్లకూ ఏం చేయాలో తెలిసి తేలికపడతారు.

పాప బడి డబ్బా గురించి నువ్వు పడుతున్నంత దిగులు అక్కర్లేదు. ఉడికించిన గుడ్లు పెంకుతో ఉంటే ఫ్రిజ్‌లో వారం నిలుస్తాయి, పొద్దున్నే వలిచి పెట్టెయ్. దానికి తోడు బ్రెడ్డు, కీర ముక్కలు, పండు. నాలుగు రోజుల డబ్బాలో ఏమేం కావాలో దానిచేతే రాయించు. ఏడేళ్ల పిల్ల తను రాసింది తను కాదనదు. ద్రాక్షపళ్లు, గింజలు ఇంట్లోకి తెచ్చినప్పుడు మాత్రం బాబు మీద కన్నేసి ఉంచు. ద్రాక్ష నిలువునా నాలుగు ముక్కలు చేసి పెట్టాలి, వేరుశనగ, బాదం లాంటి గింజలు ఐదేళ్ల లోపు పిల్లలకు ముక్కలుగా కూడా వద్దు, పొడి చేసి కలుపు.

ఇద్దరిలో ఒకరు రెండు మూడు రోజులు సరిగ్గా తినకపోవచ్చు. ఇల్లంతా తలకిందులైంది కదా, వాళ్లకూ తెలుస్తుంది. ఫోన్ చేతికిచ్చి నోట్లో ముద్దలు కుక్కవద్దు. వాళ్ల కంచాలు, గ్లాసులు మాత్రం అటకెక్కించే పెట్టెల్లో సర్దేయకు. నేను సర్దేశాను, మీ అన్నయ్య ప్లాస్టిక్ ప్లేటు ముందు పెడితే తోసేసేవాడు. ఐదో రోజు పెట్టెలన్నీ విప్పి వాడి అంచు వంగిన కంచం బయటికి తీశాను. అదే పప్పన్నం, ఒక్క మెతుకు మిగలకుండా తిన్నాడు.

విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఇప్పుడే తెచ్చి పెట్టుకో, ప్యాకెట్ మీద రాసినన్ని మంచినీళ్లలోనే కలుపు. పాలు, అన్నం ఆపకు. మూత్రం తగ్గినా, కళ్లు లోపలికి పోయినట్టున్నా, రక్తం పడినా, ఏదీ కడుపులో ఆగకపోయినా ఆలోచించకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు.

మీ ఆయన్ని గిన్నెల పని పంచుకోమను, నేను చెప్పానని చెప్పు. మొదటి వారం అయ్యాక ఫోన్ చెయ్. గట్టు ఎంతవరకు వచ్చిందో తర్వాత చెబుదువుగాని, బాబు ఎన్నిసార్లు తింటున్నాడో ముందు చెప్పు. కష్టంగా ఉంటే పాపని నాలుగు రోజులు నా దగ్గరికి పంపు, దాని కంచం కూడా పంపు.

ప్రేమతో,
పెద్దమ్మ